అడగని మనిషి

మా ఆయన నన్నెప్పుడూ ఏమీ అడగడు. ఈ మాట చాలామంది దగ్గర గొప్పగా చెప్పుకున్నాను.

మా కంపెనీకి ఊరూరా చెప్పుల దుకాణాలున్నాయి. వాటిలోకి మామూలు మనిషిలా వెళ్ళి కొనడానికి వచ్చినట్టు నటించడం నా ఉద్యోగం. జత తర్వాత జత తీయిస్తాను. రంగు బాగాలేదంటాను, మడమ ఎత్తుగా ఉందంటాను, చివరికి ఒక్కటీ కొనకుండా లేస్తాను. అప్పుడు ఎదుటివాడి మొహంలో ఏం కనిపించిందో ఆఫీసుకి రాస్తాను. ఆఫీసులో అందరూ నన్ను గూఢచారి అంటారు.

ఆ పని మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. తిరుగు రైలు మర్నాడు. మధ్యలో మిగిలిన సాయంత్రం కోసమే నేనీ ఉద్యోగం చేస్తున్నానంటే నమ్మాలి. ఏదో ఒక బస్సెక్కుతాను. నచ్చిన చోట దిగిపోతాను. తాళాలు బాగుచేసే వీధి, పాత కుర్చీలు అమ్మే వీధి, మేడల మీద దుప్పట్లు ఆరేస్తూ పోట్లాడుకునే ఆడవాళ్ళు. మా ఇంట్లో చేతిలో సంచీ లేకుండా గుమ్మం దాటితే "ఎక్కడికి?" అంటుంది మా అత్తగారు. ఇక్కడ ఆ ప్రశ్న లేదు. మగవాళ్ళకి ఇది మీసాలు రాకముందు నుంచే ఉంది కాబట్టి దీనికో పేరు పెట్టాలని కూడా వాళ్ళకి తోచలేదు.

"నేను ఊరెళ్తే మా ఆయన వీడియో కాల్ చేసి హోటల్ గదిలో బీరువా తలుపు కూడా తెరిచి చూపించమంటాడు" అంది మా ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడ ఒకసారి. "మరి మీ ఆయన?"

"ఏమీ అడగడు."

"ఏ జన్మలో పుణ్యం చేసుకున్నావే తల్లీ!"

మా అత్తగారి దగ్గర మాత్రం ఎప్పుడూ ఒకటే సామెత. "తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు." ఆవిడ అలా అన్నప్పుడల్లా మా ఆయన అడ్డుపడేవాడు. "వెళ్ళనీవే అమ్మా, కాలం మారింది." ఆ ఒక్క మాట మీదే నా ప్రయాణాలన్నీ నిలబడ్డాయి. ఇప్పుడు కంపెనీ ఇంకా పెద్ద పని ఇస్తానంది. అన్ని ఊళ్ళూ నాకే. నెలలో సగం రోజులు బయటే. ఈసారి వెళ్ళొచ్చాక ఔనో కాదో చెప్పాలి. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. నేను పొంగిపోయాను.

అలా పొంగిపోయి వెళ్ళిన ఊళ్ళోనే అతను కంటపడ్డాడు.

మొదట దుకాణంలో చూశాను. నడివయసు దాటిన మనిషి, బూడిదరంగు చొక్కా. ఆడవాళ్ళ చెప్పు ఒకటి చేతిలో పట్టుకున్నాడు. కొనేవాడెవడైనా ముందు ధర చూస్తాడు. దొంగ అయితే తలుపు వైపు చూస్తాడు. ఇతను రెండూ చూడలేదు. అద్దంలో నన్ను చూస్తున్నాడు.

బయటికొచ్చి బస్సెక్కాను. రంగు చేపలు అమ్మే దుకాణం దగ్గర దిగాను. గాజు తొట్టెలో చేపల వెనక బూడిదరంగు చొక్కా కదిలింది.

పరిగెత్తితే ఇరుకు సందుల్లోకి పోతాను, అక్కడ నా కేక వినేవాడుండడు. కాబట్టి జనం ఉన్న చోటికే నడిచాను. పెద్ద రోడ్డు మీద పాదచారుల వంతెన ఉంది. మెట్లన్నీ ఎక్కి, పైన జనం మధ్య గిర్రున వెనక్కి తిరిగాను.

"ఎవడ్రా నువ్వు? నేనొక్క కేక వేశానంటే వీళ్ళంతా కలిసి నిన్ను కుమ్మేస్తారు!"

అతను పై మెట్టు మీద కూలబడ్డాడు. రొప్పుతున్నాడు.

"అరవకమ్మా తల్లీ. కాస్త ఊపిరి తీసుకోనీ. ఇవేం మెట్లమ్మా, స్వర్గానికి వేసినట్టున్నారు!"

"నా వెనక ఎందుకు వస్తున్నావు?"

"పొట్టకూటి కోసం." మోకాళ్ళు రుద్దుకున్నాడు. "మిగతా కేసులు హాయిగా ఉంటాయమ్మా. వాళ్ళు ఏ హోటల్లోకో పోతారు, మేం ఎదురుగా టీ తాగుతూ కూర్చుంటాం. మీరేంటండీ, ఊరంతా కొలుస్తారు! పోనీ ఎవరినైనా కలుస్తారా అంటే అదీ లేదు. గోడలు చూస్తారు, కిటికీలు చూస్తారు. పోయిన ఊళ్ళోనూ అంతే, అంతకుముందు ఊళ్ళోనూ అంతే."

పోయిన ఊళ్ళో. అంతకుముందు ఊళ్ళో.

"ఎవరు పెట్టారు నిన్ను?"

అతను నా వంక జాలిగా చూశాడు. "ఇంకెవరు పెడతారమ్మా? మీవారే."

నమ్మనని అనబోయాను. అంతలో గుర్తొచ్చింది. క్రితంసారి ఇంటికెళ్ళాక నేను దగ్గుతుంటే మా అత్తగారు అంది, "రోడ్డు మీద ఐసుపుల్లలు తింటే దగ్గు రాదూ మరి!" నేను చెప్పలేదే అనుకున్నాను. ఆవిడ ఊహించి అందేమోనని వదిలేశాను.

అతను ఫోన్ తీసి చూపించాడు. "చూసుకోండి, చెడ్డగా ఏమీ రాయలేదు." అన్నీ నా వీపు ఫొటోలే. ఒకదాంట్లో ఏదో పాత గోడ ముందు నిలబడి ఉన్నాను. చేతులు రెండూ వదిలేసి, తల కాస్త వెనక్కి వాల్చి, బడి ఎగ్గొట్టిన పిల్లలా ఉన్నాను. వెనక నుంచి చూసినా నేను సంతోషంగా ఉన్నట్టు తెలిసిపోతోంది. దాన్ని మా ఇంట్లో దీపం కింద కూర్చుని ఇద్దరు మనుషులు చూశారు.

"ఒక్క మాట అడగనామ్మా?" అన్నాడతను లేస్తూ. "అంతసేపు ఏం చూస్తారు?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి అతనే. మెట్లు దిగిపోయాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన రంగుల దుకాణం మూసి వచ్చి, పెరట్లో కిరసనాయిలుతో చేతులు రుద్దుకుంటున్నాడు.

"వచ్చావా? ప్రయాణం బాగా జరిగిందా?"

"బాగానే జరిగింది. మీ మనిషికే మోకాళ్ళు బాగాలేవు. ఈసారి కాస్త కుర్రాణ్ణి పెట్టుకోండి."

రుద్దుతున్న చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"ఊరుకాని ఊరు. ఏదైనా జరిగితే?"

"జరిగితే ఆయన కాపాడేవాడా? మెట్టెక్కితే ఆయన్నే ఇంకొకరు పట్టుకోవాలి."

"నీ మీద నమ్మకం లేక కాదే." గొంతు తగ్గించాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా అత్తగారు వింటోంది. "అమ్మ మొదటిసారే ఆపేసేది. ఆ రిపోర్టులు చదివి వినిపించబట్టే నోరు మూసుకుంది. అవి లేకపోతే నువ్వు ఒక్క ఊరు కూడా చూసేదానివి కాదు."

మా ఆయన చెప్పింది అబద్ధం కాదు.

"నన్నే అడగొచ్చుగా, ఎక్కడికెళ్ళావు, ఏం చూశావు అని?"

"అడిగితే అనుమానం అనుకుంటావని."

వంటింట్లో గిన్నెలు మళ్ళీ మోగాయి.

"సరే, ఇక ఎవర్నీ పంపను. నీ మీద ఒట్టు. అమ్మకి నేను చెప్పుకుంటాను. నువ్వా ఉద్యోగం ఒప్పుకో."

ఒప్పుకున్నాను. మా ఆయన కూడా మాట మీదే నిలబడ్డాడని నా నమ్మకం.

కొత్త ఉద్యోగంలో మొదటి ఊరు. పని తొందరగానే అయిపోయింది. గదిలో స్నానం చేసి, చేతిలో సంచీ లేకుండా బయటికొచ్చాను. ఎండ చల్లబడింది. వీధి చివర నిలబడి వెనక్కి చూశాను. గొడుగు బాగుచేయించుకుంటున్నవాడు నిజంగానే బాగుచేయించుకుంటున్నాడు. పళ్ళు బేరమాడుతున్నామె నిజంగానే బేరమాడుతోంది. ఇంకో మలుపు తిరిగి మళ్ళీ చూశాను. ఒక దుకాణం అద్దం ముందు ఆగి, అద్దంలోనే చాలాసేపు చూశాను. ఎవరూ లేరు. అయితే ఈసారి వెనక వచ్చేవాడు ఇంకా తెలివైనవాడేమో అనిపించింది. చేతులు రెండూ ఛాతీకి కట్టుకుని నడుస్తున్నానని అప్పుడు గమనించాను. విప్పాను. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ దుకాణంలో ఏం అమ్ముతున్నారో నేను చూడలేదు. దాటొచ్చిన వీధిలో మేడలున్నాయా, పెంకుటిళ్ళున్నాయా అంటే చెప్పలేను.

వెనక్కి తిరిగి గదికి వచ్చేశాను. తాళం చెవి ఇస్తూ హోటల్ అమ్మాయి ఆశ్చర్యపోయింది.

"అప్పుడే వచ్చేశారేంటి మేడమ్? అటు వైపు చెరువుంది. సాయంత్రం చాలా బాగుంటుంది, ఒంటరిగా వెళ్ళినా భయం లేదు."

"రేపు చూస్తాలే" అన్నాను.

తెల్లవారగానే నా రైలు.