ప్రాంప్టరుగారి భార్యకు పరీక్ష

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎప్పుడో పోయారు. అందరికీ ఆయన ప్రాంప్టరుగారే. నాటకాలాడే హాల్లో పక్క తెర చాటున నిలబడి, వేషం కట్టినవాడు మాట మరిచిపోయి గుడ్లు తేలేసిన ప్రతిసారీ ఆ మాట గుసగుసగా అందించడంతోనే ఆయన జీవితం గడిచిపోయింది. మహామహా నటుల పరువు కాపాడానని ఆయన ధీమా. అలాంటివాడు కట్టుకున్న భార్య పరువు కాపాడలేడా?

ఆర్నెల్ల కిందట ఆవిడని జ్ఞాపకశక్తి పరీక్షకి తీసుకొచ్చినప్పుడు అదే పని చేయబోయాడు. ఇది ఏ నెలమ్మా అని డాక్టరమ్మ అడగడం, ఈయన పెదవులు కదపడం, ఆవిడ చూసి చెప్పేయడం. డాక్టరమ్మ కనిపెట్టేసి, మర్యాదగానే బయట కూర్చోమంది. ఆ తర్వాత సంగతి చెప్పేదేముంది, ఆవిడ తప్పింది. కూతురు అప్పుడే తేల్చి చెప్పేసింది, మళ్లీ వచ్చేసరికి ఇంకా దిగజారితే అమ్మని తన ఇంటికి తీసుకెళ్లిపోతానని. పొయ్యి వెలిగించి మరిచిపోయే మనిషిని ముసలాయన ఒక్కడి మీద వదిలేస్తే తనకి కంటి మీద కునుకు రాదట. ఆ పిల్లది రెండు గదుల ఇల్లు. అత్తమామలూ అక్కడే. ఇంకొక్క మంచానికి మాత్రం ఎలాగో చోటు చెయ్యగలదు. పాపం ఆ పిల్ల తప్పేమీ లేదు. కానీ ఆవిడ లేని ఇంట్లో ఒక్క పూట ఉండటం ప్రాంప్టరుగారి వల్ల కాదు.

అందుకని రిహార్సళ్లు పెట్టాడు. రోజూ పొద్దున్నే మొహం కడిగించి, ఎదురుగా కూర్చోబెట్టి, కిందటిసారి డాక్టరమ్మ గుర్తుపెట్టుకోమన్న మూడు మాటలూ వల్లె వేయించాడు. గొడుగు, తాళం, నది. నిద్రలో లేపి అడిగినా చెప్పేటంతగా నూరిపోశాడు.

ఇవాళ ఆస్పత్రిలో తెర అవతల పరీక్ష జరుగుతుంటే, ఇవతల బెంచీ మీద కూతురి పక్కన కూర్చుని చెవులు రిక్కించాడు. ఆవిడకి కాస్త చెవుడు కాబట్టి డాక్టరమ్మ గట్టిగానే మాట్లాడుతోంది.

"కుర్చీ, పావురం, సబ్బు. ఈ మూడూ గుర్తుపెట్టుకోండమ్మా, కాసేపయ్యాక అడుగుతాను."

ప్రాంప్టరుగారు బెంచీ మీంచి సగం లేచి మళ్లీ కూలబడ్డాడు. ఎవరూ బట్టీ పట్టి రాకుండా మాటలు మారుస్తారన్న సంగతి అంత తెలివైనవాడికీ ఇన్నాళ్లూ తట్టలేదు. నూరులోంచి ఏడు తీసేయడాలూ, బొమ్మలు చూసి పేర్లు చెప్పడాలూ అయ్యాక డాక్టరమ్మ ఆ మూడు మాటలూ అడిగింది.

"గొడుగు, తాళం, నది," అంది ఆవిడ, ఎక్కడా తడుముకోకుండా, ఎంతో సంతోషంగా.

కూతురు తల దించుకుంది. తండ్రి చేసిన నిర్వాకం ఆ పిల్లకి అర్థమైపోయింది.

డాక్టరమ్మ తప్పని అనలేదు. మెల్లగా మనసు సంగతిలోకి దిగింది. నిద్ర పడుతోందా, దిగులుగా ఉంటోందా, దేనికైనా భయమేస్తోందా అని అడిగింది.

"భయమే," అంది ఆవిడ. "రోజూ పొద్దున్నే ఒకాయన పాఠం అప్పజెప్పమంటాడు."

"చెప్పకపోతే తిడతాడా?"

"అబ్బే, మంచివాడే. నేను తప్పు చెబితే గోడవైపు తిరిగి ఏడుస్తాడు. పాపం, ఆయనకి ఎవరూ లేరనుకుంటా."

కూతురు చెయ్యి పట్టుకోబోతే ప్రాంప్టరుగారు విడిపించుకున్నాడు. కోపం ఎవరి మీదా కాదు, తన మీదే. ఆవిడని దగ్గర ఉంచుకోవాలన్న ఆశతో, రోజూ తెల్లారేసరికి ఆవిడని భయపెట్టింది తనే. ఈ సంగతి ఇంకెవరు చెప్పినా నమ్మేవాడు కాదు.

లేచి, తెర తొలగించుకుని లోపలికి వెళ్లాడు. ఆయన్ని చూడగానే ఆవిడ సర్దుకుని నిటారుగా కూర్చుంది. "గొడుగు, తాళం..." అంటూ గబగబా మొదలుపెట్టింది.

"వద్దులే," అన్నాడు. "ఇంక పాఠాల్లేవు."

"నిజంగానా?"

"నిజంగానే."

ఆవిడ మొహం విచ్చుకుంది. భుజాలు వదులయ్యాయి. ఆర్నెల్లుగా ఆ నవ్వు ఆయన కంటబడలేదు. దాన్ని కాసేపు అలాగే చూస్తూ నిలబడి, వెనకాలే వచ్చిన కూతురితో అన్నాడు:

"అమ్మని నువ్వే తీసుకెళ్లమ్మా."