నాను ఏడ్సాను

శనివారం మధ్యాహ్నం నూకాలు, రేపటి బల్లారాధనలో ద్రాక్షరసం పోసిచ్చే గ్లాసులు కడుగుతోంది. వేలెడంత గ్లాసులు, అరవై. ఒక్కోదాంట్లో చూపుడువేలు దూర్చి తిప్పి, గుడ్డ మీద బోర్లిస్తోంది. అవయ్యాక గాజువాక మార్కెట్‌కి వెళ్ళాలి. ఇంటి పక్కనే ఉన్న రేకుల షెడ్డే వాళ్ళ చర్చి, అందులో చాపలు దులపాలి. రేపొచ్చే ప్రసంగీకుడికి కూర వండాలి. పెళ్ళయిన కొత్తలో "ఇదంతా నానొక్కదాన్నే సెయ్యాలా?" అంటే అత్తగారు కాంతం నవ్వింది. "దేవుడి పనికి వంతులేంటమ్మా, పాస్టరు భార్యవి." ఆ పాస్టరు మోహన్ మాత్రం మైకులో 'నా పరిచర్య' అంటాడు.

అప్పుడే నిఖిత వచ్చింది. సంఘంలో కొత్తగా పెళ్ళయిన పిల్ల. నెల క్రితం ఆరోనెల గర్భం పోయింది. గుమ్మంలోనే నిలబడింది.

"పాస్టరమ్మగారూ, మీ వీడియో రోజూ సూత్తన్నానండి. మీలాగ ఉండడం నావల్ల అవట్లేదు. ఏడుపు ఆగట్లేదు. నాకు విశ్వాసం లేదంటారా?"

నూకాలు చేతిలోని గ్లాసు నీళ్ళలోకి జారిపోయింది.

ఆ వీడియో పేరు 'కన్నీళ్ళు లేని తల్లి'. నూకాలుకి పుట్టిన కూతురు ఆసుపత్రిలో గాజుపెట్టెలో పందొమ్మిది రోజులు ఊపిరి తీసుకుని, ఆపేసింది. సమాధి దగ్గర నూకాలు గొంతు విప్పబోతే మోహన్ మోచెయ్యి నొక్కాడు. "సంఘం చూస్తోంది." ఇంటికొచ్చాక కాంతం, "నువ్వే ఏడిస్తే మిగతావాళ్ళకి ధైర్యం ఎవరు చెప్తారు?" అంది. కన్నీళ్ళు ఆపుకోగలిగింది గానీ పాలు ఆపుకోలేకపోయింది. తడిసిన జాకెట్టు మీద కొంగు కప్పుకుని, పరామర్శకి వచ్చినవాళ్ళకి టీలు అందించింది. మూడోనాడు పెదజాలరిపేటలో పుట్టింటికి పోయి, చేపల బుట్ట దింపుతున్న తల్లి గంగాలమ్మ ఒళ్ళో పడి, పేటంతా వినపడేలా ఏడ్చింది. గంగాలమ్మ ఏనాడూ చర్చి గుమ్మం ఎక్కని మనిషి. కూతుర్ని ఆపలేదు. "ఏడవ్వే అమ్మా. సంద్రంలో మొగుళ్ళు పోయినోళ్ళందరం ఇలాగే ఏడ్సాం" అంటూ వీపు రాసింది.

మోహన్‌కి ఇదంతా తెలుసు. తనే వచ్చి ఆటోలో తీసుకెళ్ళాడు, దారంతా మొహం తుడుచుకోమంటూ. ఆ ఆదివారమే ప్రసంగంలో "నా భార్య ఒక్క చుక్క రాల్చలేదు" అన్నాడు. షెడ్డంతా హల్లెలూయా. ఆ ప్రసంగాన్నే వీడియోగా యూట్యూబ్‌లో పెట్టాడు. తర్వాత ఆనందపురం సభల్లో చెప్పాడు, పరవాడలో చెప్పాడు. ఎక్కడికెళ్ళినా ఆమెని స్టేజి మీద కుర్చీలో కూర్చోబెట్టి చూపించాడు. నాలుగు నెలలుగా నూకాలుకి ప్రార్థన రావట్లేదు. మోకాళ్ళు వేస్తుంది, పెదాలు కదుపుతుంది. ప్రసంగాల్లోని ఏడవని ఆవిడెవరో తన బదులు దేవుడితో మాట్లాడేస్తోందనిపిస్తుంది.

"రేపు ఆరాధన మాత్రం మానకు," అంది నూకాలు, నిఖిత చెయ్యి పట్టుకుని.

ఆదివారం ఆరాధనలో ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పేటప్పుడు నూకాలు మైకు అడిగింది. మోహన్ చిరునవ్వుతో ఇచ్చాడు.

"నాను ఏడ్సాను," అంది నూకాలు. "మా అమ్మ ఒళ్ళో పడి ఏడ్సాను. నిన్న కూడా ఏడ్సాను. అయ్యగారు సెప్పింది నిజం కాదు."

మోహన్ కీబోర్డు దగ్గరున్న నాగవంశీకి సైగ చేశాడు. పాట మొదలైంది. నూకాలు మైకు పక్కన పెట్టేసింది. ఒడ్డున నిలబడి పడవల మీదోళ్ళని కేకేసి పిలుస్తూ పెరిగిన గొంతు అది.

"ఏడవొద్దని నాతోటి దేవుడు అన్నేదు. మనుషులన్నారు. బిడ్డ పోతే ఏడిత్తాం. ఏడిత్తే విశ్వాసం పోద్దని ఎవరన్నా నమ్మకండి."

వెనక చాపల మీద నిఖిత బావురుమంది. ఆమె పక్కనున్న ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ కొడుకు పోయి ముప్ఫయ్యేళ్ళు. నాగవంశీ వేళ్ళు ఆగిపోయాయి.

ఇంటికొచ్చాక మోహన్ తలుపేశాడు. "అందరి ముందూ నన్ను అబద్ధికుణ్ణి చేశావు. వచ్చే ఆదివారం క్షమాపణ చెప్పు. సాతాను మాట్లాడించాడని చెప్పు."

"సాతాను ఏటండి, నానే మాటాడాను. ఆ వీడియో తీసీండి. తీసినా తియ్యకపోయినా, ఇంక మీ కూడా ఏ స్టేజీ ఎక్కను."

"అయితే చర్చి కూడా మానేస్తావా?"

"నానెందుకు మానేత్తాను?"

తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. మండే ఎండలో, సిమెంటు గచ్చు మీద మోకాళ్ళు వేసింది. ఇన్నాళ్ళకి తన పెదాల వెనక తనే ఉంది.

"ప్రభువా," అంది, లోపలున్నవాళ్ళకి కూడా వినపడేలా. "నా బిడ్డనెందుకు తీసుకెల్లిపోయావు? నీమీద నాకింకా కోపంగానే ఉంది. రేపూ వత్తాను. రేపూ ఇదే అడుగుతాను."