ఫ్రాంక్లిన్ రూలు

నా భర్త రోజూ పొద్దున ఎనిమిదింటికి నా ఉద్యోగానికి ముఖం చూపించి లేచిపోతాడు. ల్యాప్‌టాప్ తెర మీద ఒక గుండ్రని గీత వస్తుంది. అందులో ముఖం పట్టేలా కూర్చోమంటుంది, ఎడమకు తిరగమంటుంది, కుడికి తిరగమంటుంది, ఒకసారి కళ్ళు మూసి తెరవమంటుంది. గడ్డానికి నురగ ఉంటే ఒప్పుకోదు, తువ్వాలు అందించి తుడుచుకొమ్మంటాను. అన్నీ అయ్యాక పచ్చ టిక్కు పడి, 'స్వాగతం, ఫ్రాంక్లిన్' అని వస్తుంది. "అయింది, ఇంగ కూర్చో" అని లేస్తాడు. ఆ కుర్చీ వెచ్చదనం ఆరకముందే నేను కూర్చుంటాను. సాయంత్రం దాకా నేనే ఫ్రాంక్లిన్‌ని.

మూడు నెలల క్రితం దాకా ఈ తతంగం లేదు. పాస్‌వర్డ్ కొడితే చాలు, పనిచేసే టూల్ తెరుచుకునేది. కొత్త అప్‌డేట్ వచ్చింది. ఒకరి అకౌంట్‌లో మరొకరు పనిచేయకుండా చూడటానికే ఈ మార్పు అని కంపెనీవాళ్ళు మర్యాదగా రాశారు. చదివితే నవ్వొచ్చింది. ఆరేళ్ళుగా మరొకరి అకౌంట్‌లో పనిచేస్తున్నది నేనే. ఆ అకౌంట్ తెరిచిందీ నేనే.

ఇందులో ఫ్రాంక్లిన్ మోసమేమీ లేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తాను. చర్చిలో ఒకామె చెబితే ఈ పని గురించి తెలిసింది. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు, కంపెనీ బెంగళూరులో ఉంది, వాళ్ళు పంపే బొమ్మల్లో ఏది ఏదో గుర్తులు పెట్టాలి అంది. ఆ మధ్యాహ్నమే ఫారం తెరిచాను. మొదటి గడిలో 'పేరు' అని ఉంది. రెప్పపాటు కూడా ఆలోచించకుండా ఫ్రాంక్లిన్ అని కొట్టాను. మా చాంపియన్ లైన్లలో, గని కూలీల ఇళ్ళ వరసల్లో, పుట్టిన ఆడది ఎవరైనా అదే చేస్తుంది. బంగారు గని నడిచే రోజుల్లో ఏ కాగితం మీదైనా పైన మగవాడి పేరు, పక్కన గనిలో అతనికిచ్చిన టికెట్ నంబరు. క్వార్టరుకు అదే, రేషనుకు అదే, మందులకూ అదే. మా అమ్మ నన్ను కనడానికి గని ఆసుపత్రికి పోతే చీటీ మీద మా నాయన పేరు రాశారట. నొప్పులు మాత్రం ఆమె పేరు మీదే వచ్చి ఉంటాయి. గని మూతపడి ఏళ్ళు గడిచినా చేతికి ఆ అలవాటు పోలేదు. ఎవరూ నా చేయి పట్టుకుని రాయించలేదు కాబట్టి ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నా మీదే చూపించుకుంటూ ఉంటాను.

పని నాకు బాగా పట్టుబడింది. మొదట రోడ్ల వీడియోలు వచ్చేవి, ఆటో ఎక్కడ, ఆవు ఎక్కడ, మనిషి ఎక్కడ అని గీతలు గీసేదాన్ని. వాటిని చూసి మిషన్లు నేర్చుకుంటాయట. తర్వాత మామిడికాయలు, తర్వాత బట్టలు. ప్రతి కొత్త ప్రాజెక్టుకూ ఒక పరీక్ష, అన్నీ మొదటిసారే పాసయ్యాను. మధ్యలో మా అత్త ఆగ్నెస్‌కు షుగర్ మాత్ర, బేతమంగళ చెరువు నీళ్ళు కొళాయికి వదిలిన రోజు బిందెలు, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల నుంచి గాలి కొట్టిన రోజు ఇల్లంతా తుడుపు. అత్త ముందుగదిలో టీవీ ముందు కూర్చుని, వచ్చినవాళ్ళతో "మా కోడలికి ఏమమ్మా, పొద్దస్తమానం కంప్యూటర్ చూస్తా కూర్చోనుంటాది" అంటుంది. షెరిన్, మా ఒక్కతే కూతురు, నర్సింగ్ చదువుకు హాస్టల్‌లో ఉంది. ఫోన్ చేస్తే నాన్నకెలా ఉంది, అవ్వకెలా ఉంది అని అడిగి పెట్టేస్తుంది. దాని తప్పు కాదు, దానికెప్పుడూ క్లాసు టైమవుతూనే ఉంటుంది.

నాతో రోజూ మాట్లాడే మనిషి ఒక్కతే, నేత్రావతి. బూదికోట దగ్గర పట్టుపురుగులు పెంచే ఇంటి పిల్ల. నేను పెట్టిన గుర్తులు సరిచూసే పని ఆమెది. టూల్‌లో ఒక పక్కన చాట్ గడి ఉంటుంది, అందులోనే మా మాటలు. ఆకు వేసి వస్తాను సార్ అని పోతుంది, వచ్చి ఈసారి గూళ్ళు బాగా కట్టాయని రాస్తుంది. నాలుగేళ్ళలో ఆమె గొంతు వినలేదు, ముఖం చూడలేదు, అయినా ఆమె లేని రోజు ఇల్లు బోసిపోతుంది. ఒకసారి మూడు రోజులు కనబడలేదు. వచ్చాక ఏమైంది నేత్రావతీ అని అడిగాను. 'ఆడవాళ్ళ కష్టం సార్, మీకు చెప్పుకోలేను' అని రాసింది. నా వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి. నేనూ ఆడదాన్నే తల్లీ అని రాయడానికి ఎంతసేపు? రాయలేకపోయాను. 'సరే, ఆరోగ్యం చూసుకో' అని పెద్దమనిషిలా ఒక ముక్క కొట్టి, బాత్రూంలోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చాను. నా ఒంటరితనానికి తాళం నేనే వేసుకున్నాను, తాళంచెవి మీద మాత్రం నా పేరు లేదు.

పోయిన ఏడు 'ఇంటిపనులు' అని కొత్త ప్రాజెక్టు వచ్చింది. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో నుదుటికి కెమెరా కట్టుకుని ఇంట్లో పనిచేస్తారు. మనకు వాళ్ళ చేతులే కనబడతాయి. గిన్నె తీసింది, పీచు పట్టింది, తోమింది, కడిగింది, బోర్లించింది, ఒక్కోదానికీ ఒక్కో గుర్తు పెట్టాలి. ఒక్క పని కూడా వదలకూడదని కంపెనీ నియమం. నాకు నవ్వాగలేదు. మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఎవరికీ కనబడని పనిని అంత పెద్ద కంపెనీ సెకండ్లతో సహా లెక్కగట్టి చూస్తోంది, రేపొక మరమనిషికి నేర్పడానికి. ఇనుపదానికి నేర్పాలంటే తెలిసిందన్నమాట, అందులో ఇన్ని పనులున్నాయని.

ఆ నియమాల్లోనే ఇంకొకటి ఉంది. చేతులు కదలకపోతే ఆ కాసేపూ 'ఖాళీ' అని గుర్తు పెట్టాలి. ఒక వీడియోలో ఒకామె పొయ్యి ముందు నిలబడి పాలు చూస్తోంది. నాలుగు నిమిషాలు. చేతులు గట్టు మీద ఊరికే ఉన్నాయి. నేను 'ఖాళీ' పెట్టలేకపోయాను. ఆమె అక్కడి నుంచి కదిలితే పాలు పొంగిపోతాయి, కూర్చోలేదు, ఇంకో పని అందుకోలేదు, ఖాళీ ఎట్లా అవుతుంది? నేత్రావతి అది తప్పని తిప్పి పంపింది. నాకు పట్టుదల వచ్చింది. ఒక పేజీ నిండా రాశాను. అన్నం ఉడికేదాకా నిలబడటం, నీళ్ళు వచ్చేదాకా కొళాయి దగ్గర నిలబడటం, ముసలామె మాత్ర మింగేదాకా గ్లాసు పట్టుకుని నిలబడటం, ఇవన్నీ పనులే, వీటికి వేరే గుర్తు కావాలి అని. నేత్రావతి దాన్ని పైకి పంపింది. రెండు వారాలకు టూల్ మళ్ళీ అప్‌డేట్ అయింది. 'కాచుకుని ఉండటం' అని కొత్త గుర్తు చేరింది. కింద, ఫ్రాంక్లిన్ గారి సూచన మేరకు అని ఉంది. అప్పటి నుంచి అందరూ దాన్ని ఫ్రాంక్లిన్ రూలు అంటున్నారు.

ఫ్రాంక్లిన్ దాన్ని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. రాబర్ట్‌సన్‌పేటలో తాను పనిచేసే ఫర్నిచర్ అంగడిలో చూపించాడు, చర్చిలో చూపించాడు. ఆదివారం పాస్టరుగారు మా ఇంటికొచ్చి, ఆడవాళ్ళ కష్టం తెలిసిన మగవాళ్ళు ఈ కాలంలో ఎంతమంది ఉన్నారమ్మా అని నాతోనే అన్నారు. నేను కాఫీ ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన గ్లాసు తీసుకునేదాకా కాచుకుని ఉన్నాను. ఫ్రాంక్లిన్ నా వైపు చూడలేదు.

తర్వాత వచ్చింది అసలు సంగతి. కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టులో పదిమందికి లీడ్‌గా ఫ్రాంక్లిన్‌ను తీసుకుంటామని, గురువారం వీడియో మీటింగులో అందరితో మాట్లాడాలని రాశారు. నేను ఎదురుచూసిన మెట్టు అది. అన్నం పెడుతూ, ఇప్పుడైనా నిజం చెప్పేద్దాం అన్నాను.

"చెప్తే అకౌంట్ మూసేస్తారు. ఆరేండ్ల పని నీళ్ళలో పోతాది. ఎవురు కూర్చోని చేస్తే ఏముండాది మోనికా, ఇంట్లోకే కదా?" అన్నాడు.

"చేసేది నేను కదప్పా. లీడ్ అంటే దినమూ మాట్లాడల్ల. నువ్వు ఏమి మాట్లాడతావు?"

"నువ్వు రాసియ్యి, నేను చదువుతా."

అత్త పళ్ళెంలోంచి తలెత్తి, మగవాడి పేరు మీద ఉంటేనే మర్యాద అంది. గొంతులో కోపం కూడా లేదు. ఆమె కూడా మామ సుందర్‌రాజ్ టికెట్ నంబరు మీదే బతికిన మనిషి, ఇప్పటికీ ఆ నంబరు తడబడకుండా చెబుతుంది. సొంత పుట్టినరోజు మాత్రం ఆమెకు తెలియదు. ఫ్రాంక్లిన్ చెప్పినదాంట్లో ఒకటి మాత్రం నిజం, నోరు విప్పితే ఆరేళ్ళూ తుడిచిపెట్టుకుపోతాయి. విప్పకపోతే ఆరేళ్ళూ అతనివే అవుతాయి. ఆ రెండింటి మధ్య నలుగుతూనే కాగితమూ పెన్నూ తీసుకున్నాను.

గురువారం ఫ్రాంక్లిన్ పెళ్ళినాటి కోటు వేసుకుని కూర్చున్నాడు. నేను కెమెరాకు కనబడకుండా బల్ల పక్కన ముక్కాలిపీట మీద, రాసిన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అడగబోయేవన్నీ ముందే ఊహించి జవాబులు రాసి ఉంచాను కాబట్టి ఒక్కో కాగితం అందిస్తే చదివాడు. బాగానే చదివాడు. తెర మీద చిన్న చిన్న గళ్ళలో అందరి ముఖాలూ ఉన్నాయి. ఒక గడి కింద నేత్రావతి అని ఉంది. పక్కకు వంగి చూశాను. నూనె పెట్టి బిగించి దువ్వుకున్న జడ, ముక్కుకు రాయి, నేననుకున్నదాని కంటే చిన్నది. నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి చూడటం, అదీ దొంగచాటుగా. ఆమె మాత్రం తన సార్ అనుకుని ఫ్రాంక్లిన్ ముఖాన్ని ఆప్యాయంగా చూస్తోంది.

అప్పుడు పై అధికారి ఒకాయన నా కాగితాల్లో లేని ప్రశ్న అడిగాడు. పాలు చూస్తూ నిలబడటం కూడా పనేనని మీకు ఎలా తట్టింది అన్నాడు. నేను గబగబా రాయబోయాను. ఫ్రాంక్లిన్ నా కాగితం కోసం ఆగలేదు.

"మా ఇంట్లో పొద్దున పాలు కాచేది నేనే సార్. మా ఆవిడను లేపను. పొయ్యి ముందర నిలబడుకోనుంటే అర్థమయింది."

తెర నిండా చప్పట్ల బొమ్మలు, గుండెల బొమ్మలు లేచాయి. చాట్‌లో నేత్రావతి రాసింది, 'మేడం ఎంత పుణ్యం చేసుకున్నారో సార్.'

నా చేతిలో పెన్ను అట్లాగే ఉండిపోయింది. పేరు నేనే ఇచ్చాను, నా బుద్ధి తక్కువై ఇచ్చాను, దానికి ఎవరినీ అనను. పాలు నేనివ్వలేదు. ఇరవై ఏళ్ళుగా అయిదింటికి లేచి చలిలో ఆ పొయ్యి ముందు నిలబడ్డ నా కాళ్ళను అతనికి నేను ఎప్పుడిచ్చాను? అడిగి కూడా తీసుకోలేదు. నోటికొచ్చినంత సులువుగా తీసుకున్నాడు. మీటింగు ముగిసి కోటు విప్పుతూ, ఎట్లా మాట్లాడినానో చూసినావా, కొంచెం కాఫీ ఇయ్యి అన్నాడు. ఇచ్చాను. నిజంగా సంతోషంగా ఉన్నాడు పాపం, అబద్ధమాడినట్టు అతనికే తెలియదు.

మర్నాడు ఎనిమిదింటికి మామూలుగానే ముఖం చూపించాడు, టిక్కు పడింది, అంగడికి పోయాడు. నేను కుర్చీలో కూర్చుని ఫ్రాంక్లిన్‌ను లాగౌట్ చేశాను. అదే కంపెనీకి కొత్త ఫారం తెరిచాను. పేరు గడిలో మోనికా అని కొట్టాను. ఏడేళ్ళ పిల్ల పలక మీద రాసినంత మెల్లగా కొట్టాను. ఆధార్ కార్డు పెట్టమంది, పెట్టాను, అందులో ఫ్రాంక్లిన్ భార్య అనే ఉంది, ఉండనీ. తర్వాత గుండ్రని గీత వచ్చింది. అందులో నా ముఖం చూసి నేనే ఉలిక్కిపడ్డాను. జుట్టు చెదిరి, చెంప మీద పిండి మరకతో ఉన్నాను. ఎడమకు తిరిగాను, కుడికి తిరిగాను, కళ్ళు మూసి తెరిచాను. 'స్వాగతం, మోనికా' అంది. మిషన్ పేరు పెట్టి పిలిస్తే ఏడుపొచ్చేంత కరువులో ఉన్నానా అని సిగ్గేసింది. అయినా ఏడ్చాను, ఈసారి కొళాయి తిప్పలేదు.

అనుభవం గడిలో 'లేదు' అనే పెట్టాల్సి వచ్చింది, రుజువు చూపించమన్నారు కాబట్టి. కొత్తవాళ్ళ పరీక్ష రాశాను. పన్నెండో ప్రశ్న, ఫ్రాంక్లిన్ రూలును వివరించండి అని. నేను రాసిన వాక్యాలే నేను మళ్ళీ రాశాను. నూటికి తొంభై ఆరు వచ్చింది. ఆ నాలుగు ఎక్కడ పోయాయో ఇప్పటికీ తెలియదు.

శనివారం నన్ను ఒక గుంపులో చేర్చారు. అధికారులతో కలిపి ఇరవైమందికి పైగా ఉన్నారు. సరిచూసేది నేత్రావతే. అందరికీ కనబడేలా రాసింది, 'కొత్తగా వచ్చిన మోనికా మేడంకు స్వాగతం. ఏ సందేహమున్నా సోమవారం నుంచి మన లీడ్ ఫ్రాంక్లిన్ సార్‌ని అడగండి. ఇంట్లో ఆడవాళ్ళ పని ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.'

ముందుగదిలో అత్త టీవీ పెట్టుకుంది. ఫ్రాంక్లిన్ సోమవారానికి కొత్త చొక్కా ఇస్త్రీ చేసి పెట్టమని చెప్పి పోయాడు. ఇప్పుడు నేను నిజం రాస్తే ఆ అకౌంట్ మూతపడుతుంది, లీడ్ పదవి పోతుంది, ఆరేళ్ళ పేరూ మెట్లూ పోతాయి, ఆదివారం చర్చిలో తలలు నా వైపు తిరుగుతాయి, ఇంట్లో ఎన్ని నెలలు ఎవరూ నాతో మాట్లాడరో తెలియదు. మాట్లాడకపోవడం నాకు కొత్తేమీ కాదు. నేత్రావతికి విడిగా రాసే గడి కూడా ఉంది. దాన్ని తెరవలేదు. ఇరవైమందీ చూసే చోటే రాసి పంపాను.

'నేత్రావతీ, ఫ్రాంక్లిన్ నా మొగుడు. ఆయన ఒక్క వీడియో కూడా చూడలేదు. నాలుగేళ్ళుగా నువ్వు సార్ అని పిలుస్తున్నది నన్నే.'