డోలు దస్తగిరి మొదటి తుంటి

నేను ఒక కృత్రిమ తుంటి కీలును. ఒక లోహపు కాడ, దాని కొసన నున్నటి గుండు, ఆ గుండు తిరగడానికి ప్లాస్టిక్ గిన్నె. ఇంతే నా ఒళ్లు. ఏదో కార్ఖానాలో పుట్టి, గుంటూరులో ఒక ఆసుపత్రికి చేరి, అద్దంకి డోలు దస్తగిరి కుడి తుంటిలో కాపురం పెట్టాను.

మొదట్లో నన్ను కొత్త అల్లుడిలా చూసుకున్నాడు. నొప్పి పోయింది, బస్సులెక్కి ఊళ్లు తిరిగాడు. డాక్టరు సుభాషిణిగారు పెట్టిన షరతు ఒక్కటే, కింద కూర్చోకూడదు, బాసింపట్టు అసలే వేయకూడదు. కానీ పెళ్లిలో డోలు వాయించేది అలా కూర్చునే కదా! కుర్చీ అడుగుదామంది భార్య మౌలాబి.

"పెళ్లికొడుకు పీట మీద, నేను కుర్చీలోనా? ఎంత పొగరో అనుకోరూ?" అన్నాడు.

చూశారా మర్యాద! మనిషి కాలి సంగతి దానికి పట్టదు. ప్రతి ముహూర్తానికీ నన్ను మడతపెట్టి కూర్చున్నాడు. నేను కిర్రుమన్నా గట్టిమేళంలో ఎవరికి వినబడుతుంది?

ఏళ్లు గడిచాయి. నా గిన్నె అరిగి పొడి రాలింది. ఆ పొడి చేరిన చోటల్లా చుట్టూ ఉన్న ఎముక కరిగింది, నేను వదులయ్యాను. అడుగు తీసి అడుగు వేస్తే దస్తగిరి ప్రాణం పోయినంత పనయ్యేది. పాపం, పళ్లు బిగపట్టుకుని నడిచేవాడు.

సుభాషిణిగారు ఎక్స్‌రే చూసి నిట్టూర్చారు. ఎముక చాలా పోయిందనీ, నన్ను తీసి, ఎముక ముక్కలు నింపి, ఇంకా పొడవాటి కాడ వేయాలనీ చెప్పారు. మొదటిసారంత బాగుంటుందని మాటివ్వలేనన్నారు.

"కర్ర సాయంతో నొప్పి లేకుండా నడిస్తే గెలిచినట్టే, దస్తగిరి గారూ."

"మరి డోలు?"

"కుర్చీలో కూర్చుంటేనే."

ఆయన ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు, కుర్చీకి కాదు.

ఆపరేషన్ రోజు నేను పెద్దగా పెనుగులాడకుండానే ఊడివచ్చాను. ఆసుపత్రివాళ్లు కడిగి డబ్బాలో పెట్టి ఇస్తే, మౌలాబి నన్ను డోలు సంచిలో పడేసింది. ఇక ఆ సంచి విప్పేవాళ్లే లేరు. దస్తగిరి ముందు వాకర్‌తో, తర్వాత కర్రతో నడిచాడు. కాస్త కుంటు మిగిలింది, నొప్పి మిగల్లేదు. అయినా మేళానికి రమ్మంటే వేరేవాళ్లను పంపేవాడు. సాయంత్రమైతే మంచం పట్టె మీద వేళ్లతో వాయించుకునేవాడు. సంచిలో ఉన్న నాకు ఆ చప్పుడు వినబడేది.

ఒకసారి పాత పరిచయస్తుడు వీరాంజనేయులు తన కూతురి పెళ్లికి పిలిచాడు. పిలిచి ఊరుకోలేదు, కారు తెచ్చి డోలుతో సహా ఎక్కించుకుపోయాడు. పందిట్లో దస్తగిరి నిలబడిపోయాడట. పెళ్లిపీటలు నేల మీద లేవు. నడుమెత్తు బల్ల వేసి దాని మీద పెట్టించారు. కింద, వాటి పక్కనే ఒక కుర్చీ ఉంది.

"నా పెళ్లికీ నువ్వే వాయించావు బాబాయ్. పిల్లల్ని నీకంటే ఎత్తున కూర్చోబెట్టాను. ఇంక నీకేం అడ్డం?" అన్నాడు వీరాంజనేయులు.

దస్తగిరి కళ్లు తుడుచుకుని, కర్ర పక్కన పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. ఎన్నాళ్లకో సంచి విప్పాడు. డోలు తీసుకుని నన్ను కుర్చీ కింద వదిలాడు.

మంగళసూత్రం వేళకు గట్టిమేళం లేచింది. ఇన్నేళ్లూ ఆ మోతను ఆయన నొప్పితో కలిపే విన్నాను. ఒట్టి డోలును వినడం నాకు అదే మొదటిసారి.