ఫార్సీ కాగితానికి నకలు

సాంబయ్య ఒక కుర్రాడి నోటుబుక్కును కిటికీలోంచి వరండాలోకి విసిరేశాడు. ఇరవై ఆరేళ్లుగా రోజుకొకటైనా విసరనిదే ఆయనకు పొద్దు గడవదు. విసిరాక కలాన్ని ధోవతి చెంగుకు తుడుచుకుని ఇంకొకటి తెరిచాడు. పొట్టి మనిషి. నల్లకోటు కాలరు ఒరుసుకుని మెడ మీద మచ్చ పడింది. కుడిచేతి మూడు వేళ్లకు సుద్ద ఎప్పటికీ వదలదు. ఆయన మంచివాడని హనుమకొండలో ఎవరూ అనరు, అనవలసిన పనీ లేదు.

సింగారపు వారి కాలేజీలో ఆయన తెలుగు పండితుడు. అంటే, చివరి గంట కొట్టాక, అందరూ ఇళ్లకు పోతుంటే, ఇష్టమున్నవాళ్లకు తెలుగు చెప్పే మనిషి. ఆ మార్కులు ఏ పరీక్షలోనూ కలవవు. తెలుగు మాట్లాడే ఊళ్లో, తెలుగు షావుకార్లు కట్టించిన కాలేజీలో తెలుగుకు దక్కిన మర్యాద ఇది. ఇంటర్మీడియట్‌లో దాన్ని అసలు పాఠ్యవిషయంగా పెట్టాలని సాంబయ్య పదకొండేళ్లుగా అధ్యాపకుల సభకు కాగితం పెడుతున్నాడు. పదకొండుసార్లూ అది తిరిగొచ్చింది. 1944 ఎండలు ముదురుతున్న ఆ గురువారం పన్నెండోసారి.

ఈసారి ఆయన ఒక ఎత్తు వేశాడు. ఆ సభలో కొత్త కోర్సుకు ఎవరూ సొంతంగా కాగితం రాయరు, పాతదానికి నకలు తీస్తారు. తామే మంజూరు చేసిన మాటల్లో తప్పు పట్టడానికి పెద్దమనుషులకు నోరు రాదు కదా. అందుకని ఆరేళ్ల కింద నెగ్గిన ఫార్సీ కోర్సు కాగితం బయటికి తీయించి, గుమాస్తా ఖాజా పాషాకు ఇచ్చాడు.

"ఫార్సీ అని ఉన్నకాడల్లా తెలుగు అని రాయి. ఇంకొక్క అక్షరం ముట్టకు."

పాషా అట్లాగే రాశాడు. అది ఉర్దూలో ఉంది. కచేరీలన్నీ ఉర్దూలో నడిచే రాజ్యంలో ఉంటూ ఆ లిపి నేర్చుకోనని భీష్మించుకున్న మొండిఘటం సాంబయ్య. చదివి వినిపిస్తానని పాషా అంటే, "నా కాగితం నాకు తెల్వదా?" అని కసిరి పంపాడు.

సభ రెండింటికి మొదలైంది. ప్రిన్సిపాల్ రాజేశ్వర్ రావు నడుమ కూర్చున్నాడు. చుట్టూ తొమ్మిదిమందికి చేతుల కుర్చీలు, పండితుడికి స్టూలు. పాషా కాగితం చదువుతున్నంతసేపూ చరిత్ర లెక్చరర్ మల్లికార్జున్ రావు నవ్వుతూనే ఉన్నాడు. సాంబయ్య దగ్గర చదివిన రోజుల్లో అతని నోటుబుక్కూ కిటికీలోంచి పోయిందే. ఏటా మొదట అడ్డుపడేదీ అతనే.

"నాకు మంజూరే," అన్నాడు మల్లికార్జున్ రావు.

సాంబయ్య స్టూలు అంచుకు జరిగాడు. సంతోషమో భయమో ఆయనకే తెలియలేదు.

"ఆఖరి లైను జర తెలుగుల చెప్పు పాషా. పంతులుగారికి సమజ్ గావాలె," అన్నాడు మళ్లీ అతనే.

పాషా తల వంచుకున్నాడు. "చెప్పేటాయన ఎం.ఏ. అయి ఉండాలె అని ఉన్నది సాబ్. ఫార్సీ కాగితంల గూడ గట్లనే ఉండె."

సాంబయ్యకున్నది మద్రాసు విద్వాన్ పట్టా. ఎం.ఏ. మాట దేవుడెరుగు, మెట్రిక్ కూడా లేదు. కోర్సు వస్తే కొత్త మనిషి వస్తాడు. సాయంత్రపు గంట పోతుంది, దాంతోపాటే పండితుడి కొలువూ పోతుంది. యాభై నాలుగేళ్ల వయసులో ఇంకొకచోట అడగడానికీ లేదు. ఆ నోటితో చెడగొట్టుకోని బడి చుట్టుపక్కల మిగల్లేదు.

"పంతులూ, కాగితం వాపస్ తీస్కోండ్రి," అన్నాడు రాజేశ్వర్ రావు. "ఆ లైను తీసేసి వచ్చే ఏడు పెట్టుండ్రి."

"లైను తీస్తే నా చెయ్యి లేవది," అన్నాడు మల్లికార్జున్ రావు. "ఇంకో నలుగురివి గూడ లేవయి. పోరగాండ్లు ఈయన తిట్లు తిన్నది చాలు. తెలుగు రానీ, ఈయన పోవాలె."

కాదన్నవాడు లేడు. ఒకరు గోళ్లు చూసుకున్నారు, ఒకరు పంకా చూశారు. సాంబయ్యకు ఒళ్లంతా మండిపోయింది. ఒక్కొక్కడి మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. వాపస్ తీసుకుంటే వచ్చే ఏడు, ఆ పై ఏడు, కొలువు నిలుస్తుంది, కాగితం తిరిగొస్తూనే ఉంటుంది. మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు.

"తీస్కోను. నన్ను ఎల్లగొట్టనీకైనా చేతులు లేస్తయంటే లేవనీయుండ్రి. పాషా, రాసుకో."

ఆరు చేతులు లేచాయి. తెలుగు నెగ్గింది. పాషా కలం ఆగి ఆగి నడిచింది. సాంబయ్య కింద సంతకం పెట్టి, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు. ఆయన అందరినీ అసహ్యించుకున్నాడు, పనిలో పనిగా తననూ.

సాయంత్రం గంటకు పాఠం చెప్పాడు. ఇద్దరిని తిట్టాడు, ఒకణ్ణి నిలబెట్టాడు. అయ్యాక తలుపు దగ్గరికి వేసి, చెప్పులు తొడుక్కుని ములుగు రోడ్డు పట్టుకుని నడిచి వెళ్లిపోయాడు. మర్నాడు శుక్రవారం సెలవు. శనివారం రాలేదు. మరెప్పుడూ రాలేదు.

జూన్‌లో బందరు నుంచి ఒక ఎం.ఏ. కుర్రాడు వచ్చాడు. అతనికోసం పంతులుగారి బీరువాను పాషా ఖాళీ చేస్తుంటే అడుగు అరలో కొత్త హాజరుపట్టీ దొరికింది. ఎప్పుడు రాసిపెట్టుకున్నాడో, పెన్సిలుతో గీతలు కొట్టి, ఒకటి నుంచి నలభై దాకా అంకెలు వేసి, పేర్ల గళ్లు ఖాళీగా ఉంచాడు. అట్ట మీద గుండ్రటి అక్షరాలు: ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం, తెలుగు. చెప్పువారు, సాంబయ్య.