రెండో పీరియడ్ ప్రయోగం

"చల్లారిపోతే వాడు తినడు, ముందు వాడికి పెట్టు" అంది అత్తగారు. కోడలు ముందు తన భర్తకు పెట్టింది, తర్వాత అత్తగారికి, మరిదికి, పదేళ్ల కూతురికి. తనకేం మిగిలిందో చూసుకోవడం ఎప్పుడో మానేసింది. బస్సు అందితే అదే పదివేలు.

కాలేజీ జీవశాస్త్రం ల్యాబులో ఆమె డెమాన్‌స్ట్రేటర్. ఆ రోజు రెండో పీరియడ్‌లో గోరువెచ్చటి చక్కెర నీళ్లలో ఈస్టు కలిపి, గాజు గొట్టంలో బుడగలు తెప్పించాలి. కణం గ్లూకోజును విరగ్గొట్టి శక్తి తీసుకుంటుందనడానికి కంటికి కనిపించే సాక్ష్యం అది. ఏర్పాట్లన్నీ ఆమెవి, ఉపన్యాసం లెక్చరర్‌ది.

"ఆక్సిజన్ అందితే ఒక్క గ్లూకోజు అణువు నుంచి ముప్పై దాకా ఏటీపీలు, అంటే కణానికి శక్తినిచ్చే అణువులు. అందకపోతే రెండే" అని ఆయన చెబుతుండగానే ఆమెకు చెమటలు పట్టాయి. బల్ల అంచు అందలేదు.

కళ్లు తెరిచేసరికి నేలమీద ఉంది. పైనుంచి లెక్చరర్ గొంతు వినిపించింది. "చూశారుగా, మెదడుకు గ్లూకోజు తగ్గితే ఇదీ సంగతి! ఇంత మంచి డెమాన్‌స్ట్రేషన్ మన మేడమ్ ఇదివరకెప్పుడూ ఇవ్వలేదు."

క్లాసంతా గొల్లుమంది. ముందు బల్ల అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. గ్లాసుతో పంచదార నీళ్లు తాగించి, "పొద్దున ఏం తిన్నారు మేడమ్?" అని మెల్లగా అడిగింది. ఆ మాట తనను ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో! జవాబు కోసం వెతుక్కుంటే నిన్న మధ్యాహ్నం దాకా వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

సాయంత్రం ఆమె కంటే ముందే కబురు ఇల్లు చేరింది.

"కోడలికి తిండి పెట్టట్లేదని నలుగురూ అనుకోవాలా?" అంది అత్తగారు.

"నిన్నెవరైనా తినొద్దన్నారా? నా పరువు తీశావు" అన్నాడు భర్త.

నిజమే, ఎవరూ వద్దనలేదు. తినమనీ అనలేదు. తిండి అందనప్పుడు ఒళ్లు తన కండనే కరిగించుకుని నడుస్తుందని పిల్లల చేత ఎన్నిసార్లు రాయించింది! పదహారేళ్లుగా ఈ ఇల్లు నడిచింది తన కండతోనేనని ఇప్పుడు తోచింది. ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇంకెంత మిగిలి ఉందో.

మర్నాడు పొద్దున వండినదంతా బల్లమీద పెట్టి, మొదటి పళ్లెం తనే వడ్డించుకుని కూర్చుంది. భర్త వచ్చి నిలబడ్డాడు. "టైమవుతోంది. నాకెవరు పెడతారు?"

ఆమె తలెత్తలేదు. రుచి తెలియడం లేదు. అయినా నములుతూనే ఉంది. తల్లి లేవకపోవడం చూసి కూతురు, ఎవరూ చెప్పకుండానే, తండ్రికి వడ్డించడానికి గరిటె అందుకుంది.

అప్పుడు ఆగింది ఆమె చెయ్యి.

"అది అక్కడ పెట్టెయ్యి తల్లీ" అంది. "వచ్చి నా పక్కన కూర్చో. ముందు నువ్వు తిను."