పొలంలో పడవ

జ్వరంలో ఏవేవో పిచ్చిగా మాట్లాడాడని కొల్లేటి అప్పన్నను పిచ్చాసుపత్రిలో చేర్చారు. జ్వరం ఎప్పుడో తగ్గింది. లంకలో నీళ్లు తగ్గేలోగా ఇల్లు చేరకపోతే ఈ ఏడు పంట లేదు. అతన్ని ఇంటికి వదలాల్సింది మద్రాసునుంచి వచ్చిన డాక్టరు.

“నీ పొలం ఎక్కడ?”

“నీళ్లకిందండీ. ఇప్పుడు పడవమీద చేపలు పడతాం, మాఘంలో దున్నుతామండీ.”

‘నయం కాలేదు’ అని రాశాడు డాక్టరు. ప్రతివారం అదే రాత. కొల్లేరు చూడని మనిషికి వైద్యం ఎవరు చెయ్యాలి?

చివరికి అప్పన్న భార్య పైడమ్మను పిలిపించాడు. “మీ ఆయన పొలంలో పడవ నడుపుతాడట, నిజమేనా?”

“అబద్ధమండీ. పడవ నడిపేది నేను. ఆయన వల వేస్తాడండీ.”

డాక్టరు నర్సువైపు తిరిగాడు. “ఆడవాళ్ల వార్డులో మంచం ఖాళీ ఉందా?”

పక్కనే కూర్చున్న అప్పన్న గబుక్కున లేచాడు. “మాకు పొలమూ లేదు, పడవా లేదండీ.”

‘నయమైంది’ అని రాసి డాక్టరు సంతకం పెట్టాడు.